నీళ్ళ స్కూటరుకి బండి

ఫిబ్రవరి 3

పెదనాన్నా,

కవరు ముందుగా పెద్దమ్మే చింపుతుంది కాబట్టి మొదటి మూడు ముక్కలూ తనకి. పెద్దమ్మా, వేళకి తింటున్నాను. ఉద్యోగం మానలేదు. ఇక కాగితం ఆయనకి ఇచ్చెయ్యి.

ఇది నా నాలుగో ఉద్యోగమని మన ఇంట్లో అందరూ వేళ్ళు మడిచి చెప్పుకుంటున్నారని తెలుసు. బ్యాంకులో ఏడు నెలలు, బళ్ళో ఒక ఏడాది, ఆ మూడోదాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. ఇక్కడ మాత్రం ఐదు నెలలు దాటినా కాళ్ళు దురద పెట్టడం లేదు. జలాశయం ఒడ్డున పడవల షెడ్డు. నాలుగు తెడ్ల పడవలు, ఒక నీళ్ళ స్కూటరు. మోటారుసైకిల్లాగే ఎక్కి కూర్చుని, హ్యాండిలు పట్టుకుని నీటి మీద నడుపుతాం. షికార్ల కోసం కొన్నారట. ఇప్పుడు ఎవరైనా నీళ్ళలో పడితే తీసుకురావడానికి వాడుతున్నారు. నడిపేది నేనే.

చిక్కల్లా దూరంతోనే. జనం పడవల మీద దాటే రేవు జలాశయానికి రెండో కొసన ఉంది. పడేదీ అక్కడే. నీటి మీద వెళ్తే నాచు, ఎదురుగాలి, అరగంట పైమాట. రోడ్డు మీద పదకొండు కిలోమీటర్లే, జీపుకి పావుగంట. పోయిన నెల ఒక పడవ ఒరిగింది. నేను నీటి మీద పడుతూ లేస్తూ వెళ్ళేసరికి రేవు వాళ్ళే అందరినీ లాగేశారు. తడిబట్టలతో మెట్టు మీద కూర్చున్న ఒకామె నన్ను, నా స్కూటరునీ చూసి, "షికారుకొచ్చావా అమ్మా?" అంది. కోపంగా అనుంటే మర్చిపోయేదాన్ని. మామూలుగా అడిగింది.

అందుకని స్కూటరుని జీపు వెనక తగిలించుకుని రోడ్డు మీద తీసుకెళ్ళే ట్రెయిలర్ కావాలి. బజార్లో దొరికేవి పెద్ద పడవలకి చేసినవి, నేనొక్కదాన్నీ కదపలేను. నాకు కావలసింది ఇది: ఒంటిగా తిప్పుకోగలగాలి. నీళ్ళలోకి వెనక్కి దించితే లైట్లు తడవకూడదు. ఖాళీగా ఉన్నప్పుడు కూడా డ్రైవరుకి అద్దంలో కనబడాలి. తాళ్ళు, లైఫు జాకెట్లు పెట్టుకోవడానికి ఒక పెట్టె. మార్చి 27న జలాశయం ఇంజనీరుగారి పరీక్ష. నెగ్గితే స్కూటరు ఎప్పటికీ రోడ్డు మీదికి సిద్ధంగా ఉంటుంది, నేను పర్మనెంటు. లేకపోతే అది గోడౌనుకి, నేను ఇంటికి.

ఫోను చేస్తే నీకు వినబడదు, మెసేజి పెడితే చూడవు. షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించుకునేదే నీ దృష్టిలో ఆర్డరు. ఇదిగో, తగిలించుకో. చేస్తావా?

తూనీగ

*

ఫిబ్రవరి 9

తూనీగా,

మొదటి మూడు ముక్కలూ మీ పెద్దమ్మ నాలుగుసార్లు చదువుకుని తర్వాత నాకిచ్చింది. "ఉద్యోగం మానలేదు" దగ్గర వేలు పెట్టి నాకు చూపించింది కూడా.

చేస్తాను. ఇలాంటిది ఎప్పుడూ చెయ్యలేదు కాబట్టే చేస్తాను. కానీ ఇక్కడి సంగతి నీకు తెలియాలి. చలికాలంలో ఒకనాడు గ్రైండరు ఆగిందనుకుని చెయ్యి పెట్టాను. ఆగలేదు. నాకు వినబడలేదంతే. రెండు వేళ్ళ చర్మం పోయింది, వేళ్ళు ఉన్నాయి. ఆ తర్వాత ఒక గేటు జానెడు పొట్టిగా వచ్చింది. మీ పెద్దమ్మ షెడ్డు మూసెయ్యమంది. ఆమెకి కావలసింది నా వేళ్ళు, నాకు కావలసింది నా షెడ్డు, ఇద్దరిదీ న్యాయమే కాబట్టి వాదన ఎటూ తేలలేదు. చివరికి నేనే పౌరుషానికి పోయి ఒక మాటన్నాను. ఇకమీదట నా చేతి కొలత ఒక్కటి తప్పినా నా చేత్తోనే తాళం వేస్తానని. ముప్పై ఎనిమిదేళ్ళుగా తీస్తున్న తలుపులు. ఇప్పుడు నీ బండి ఆ మాట మీద నిలబడి ఉంది. నీకు భయం పెట్టడానికి రాయలేదు, కొలతలు జాగ్రత్తగా పంపుతావని రాశాను.

ఇలాంటి బండికి ప్రాణం బరువులో ఉంటుంది. మొత్తం బరువులో పదో వంతుకి కాస్త అటూ ఇటూగా జీపు కొక్కెం మీద పడాలి. అంతకంటే తగ్గితే బండి తోక ఊపుతుంది. పెరిగితే జీపు నడుం వంగుతుంది. అందుకే నీ స్కూటరు తోక నుంచి ముక్కు రింగు దాకా ఎంతో కావాలి. అడుగున రెండు వైపులా పొడుగ్గా గట్లు ఉంటాయి కదా, వాటి మధ్య దూరం కావాలి. స్కూటరు వాటి మీదే ఆనాలి, మధ్యలో నీళ్ళు పీల్చే జాలీ మీద ఆనకూడదు. గట్లు ఎంత పొడవున్నాయో కూడా కావాలి, కింద పరిచే పలకలు అంతే కొయ్యాలి. ఆ పలకలకి కార్పెట్టు చుట్టి బిగిస్తాను, ఒంటికి గీత పడదు.

టేపు మొదటి కొసని నమ్మకు, అది ఎప్పుడూ వంగి ఉంటుంది. మన షెడ్డులోలాగే పది గీత దగ్గర పట్టుకుని కొలువు. ఏడేళ్ళప్పుడే స్టూలెక్కి గీతలు చదివిన మనిషివి, నీకు చెప్పాలా.

పెదనాన్న

*

ఫిబ్రవరి 15

పెదనాన్నా,

వేళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఏం చేసేదాన్నో తెలియదు, అయినా చెప్పాల్సింది.

కొలతలు ఇవి. తోక నుంచి ముక్కు రింగు దాకా 290. అడుగున గట్ల మధ్య 56. పలకల పొడవు 200. అన్నీ సెంటీమీటర్లు. నువ్వు చెప్పినట్టే పది దగ్గర పట్టుకున్నాను. ఒక్కోటీ రెండేసిసార్లు చూశాను, దేన్లోనూ అనుమానం లేదు. స్కూటరు బరువు పెట్రోలుతో కలిపి మూడు వందల అరవై కిలోలు.

అడుగు కొలవడానికి దాన్ని పక్కకి ఒరిగించాల్సి వచ్చింది. జీపు డ్రైవరు సాయం పట్టాడు. ఇతన్నందరూ "నిదానం" అంటారు, ఎక్కడా బ్రేకు వెయ్యడు కాబట్టి. పనంతా అయ్యాక, ఆడపిల్లవి ఈ కొలతలన్నీ ఎక్కడ నేర్చావని అడిగాడు. మా పెదనాన్న షెడ్డులో స్టూలు మీద అన్నాను. అతను "మా నాన్న నాకు స్టూలు కూడా ఇవ్వలేదు" అన్నాడు. ఆ తర్వాత నాతో కాస్త మర్యాదగా ఉంటున్నాడు.

స్నేహితురాళ్ళు ఇక్కడేం ఉందని అడుగుతున్నారు. సరిగ్గా చెప్పలేకపోతున్నాను. నీటి మీద ఉన్నంతసేపూ నాకు ఇంకెక్కడికో పోవాలనిపించదు. ఒడ్డెక్కగానే మళ్ళీ మొదలు. మొత్తం మీద ఇదే నయం.

నీ మాట గెలవాలి. నా పరీక్షా గెలవాలి.

తూనీగ

*

మార్చి 1

తూనీగా,

బండి ఎల్లుండి లారీలో వస్తుంది. ముందు చక్రం ఒకటి చిన్నది పెట్టాను, పిడి తిప్పితే కిందికి దిగుతుంది. కొక్కెం ఊడదీశాక దాన్ని పట్టుకుని నువ్వొక్కదానివే షెడ్డులో ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. లైట్లన్నీ ఒక పలక మీద ఉన్నాయి. నీళ్ళలోకి దించేముందు ఆ పలక ఊడదీసి జీపులో పడేసుకో. వెనక రెండు మూలలా తెల్లటి గొట్టాలు నిలువుగా పెట్టాను, కుందేలు చెవుల్లా. మీ నిదానానికి ఖాళీ బండి కనబడకపోయినా ఆ చెవులు కనబడతాయి. పెట్టెకి అడుగున కన్నాలు పెట్టాను, తడి తాళ్ళు పెట్టినా నీళ్ళు నిలవవు. మూత నువ్వు చేతి తొడుగులతో తీయగలిగేంత పెద్ద పిడితో ఉంది, నా తొడుగులతో తీసి చూశాను.

పనంతా పది రోజులు. ఆఖరి రోజు మీ పెద్దమ్మ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, కార్పెట్టు మీద చెయ్యి వేసి, "పిల్లని పడుకోబెట్టేంత మెత్తగా ఉంది" అంది. అంతకంటే పెద్ద మెప్పు ఆమె నోట నేనెరగను.

దిగగానే రాయి.

పెదనాన్న

*

మార్చి 7

పెదనాన్నా,

బండి దిగింది. ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను. ఇక ఆగలేను, పరీక్షకి ఇరవై రోజులే ఉంది.

స్కూటరు దాని మీద కూర్చోవడం లేదు. పలకలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, పెద్దమనిషిని చిన్న పీట మీద కూర్చోబెట్టినట్టు అటూ ఇటూ ఒరుగుతోంది. తోక పలకలు దాటి వెనక్కి వేలాడుతోంది. ముక్కు ఆనే దిమ్మ బాగా వెనక్కి ఉంది. కట్టేసి రోడ్డెక్కిద్దామని చూశాం. ముప్పై దాటగానే బండి కుక్కతోకలా కొట్టుకుంది. ఎన్నడూ బ్రేకు వెయ్యని మనిషి బ్రేకు వేశాడు. ఇంజనీరుగారు వరండాలో నిలబడి చూస్తున్నారు. ఎవరు చేశారని అడిగారు. మా పెదనాన్న అన్నాను. "పెద్దాయనా?" అన్నారు. అవునన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తల ఊపడం నాకు రెండు రోజులుగా కనబడుతూనే ఉంది.

నేను ఇచ్చిన కొలతలు సరైనవి. రెండేసిసార్లు చూశానని రాశాను. నీకు వయసు మీద పడిందని ఒప్పుకోవడం కష్టమని తెలుసు, కానీ గేటు పొట్టిగా వచ్చిన సంగతి నాకు చెప్పి ఊరుకోకుండా, నన్ను వేరే చోట చేయించుకోమనాల్సింది. ఇప్పుడు ఎవరి దగ్గరికి పోను?

తూనీగ

*

మార్చి 10

తూనీగా,

షెడ్డుకి తాళం వేశాను. బండిలో తప్పు నాది.

నువ్వెవరి దగ్గరికీ పోనక్కర్లేదు. స్కూటరుని మోసే ముక్కల్లో ఏదీ నేను వెల్డింగు చెయ్యలేదు, అన్నీ నట్లూ బోల్టులే. పదిహేడో నంబరు స్పానరు ఒకటి చాలు. పలకలకి కిందనున్న బోల్టులు వదులు చేస్తే అడ్డకమ్మీ మీద పక్కలకి జరుగుతాయి. ఒక్కోదాన్ని ఐదేసి సెంటీమీటర్లు బయటికి జరుపు. ముక్కు దిమ్మని పది ముందుకి జరుపు. అప్పుడు బరువు కొక్కెం మీదికి వస్తుంది. పలకలు మాత్రం పొట్టివి, వాటిని మార్చాలి. గట్టి చెక్క తీసుకుని రెండు వందలకి కొయ్యి. కార్పెట్టు పాతదే ఊడదీసి చుట్టు, మడత పెట్టి వదిలిన అంచు ఉంది, సరిపోతుంది. మేకులు ఎప్పుడూ కింది వైపునే కొట్టు, పైకి ఒక్కటి పొడుచుకొచ్చినా స్కూటరు అడుగు చీరేస్తుంది.

రెండు పూటల పని. భయపడకు.

పెదనాన్న

*

మార్చి 14

పెదనాన్నా,

నీ ఉత్తరం పట్టుకుని పని మొదలుపెట్టాను. చెక్క కొయ్యడానికి ముందు మళ్ళీ ఒకసారి కొలుద్దామని పాత నోటుబుక్కు తీశాను. నా రాత చూసి అక్కడే కూర్చుండిపోయాను.

టేపు మీద నేను చదివినవి 300, 66, 210. వాటి పక్కన నా చేత్తోనే పదేసి తీసేసి 290, 56, 200 అని రాసుకుని, అవే నీకు పంపాను. మన షెడ్డులో ఎప్పుడూ చదివేవాళ్ళు గీత మీద ఉన్నది ఉన్నట్టు చెబుతారు, కోసేవాడు పది తీసుకుంటాడు. స్టూలు మీద నిలబడి నేనెప్పుడూ తీసి చెప్పలేదు. అది నాకు తెలుసు. తెలిసే తీశాను. ఎందుకో రాస్తాను, రాయకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. నువ్వు తీయడం మర్చిపోతావేమో అనుకున్నాను. గేటు సంగతి చదివాక ఆ అనుమానం పుట్టింది. నీకు చెబితే బాధపడతావని చెప్పకుండా నేనే సర్దేశాను. నువ్వేమో మర్చిపోలేదు. ఎప్పట్లాగే తీశావు. ఇద్దరం కలిసి రెండుసార్లు తీశాం.

ఆపైన నీకు వయసు మీద పడిందని రాసి, ఆ ఉత్తరం ముందు పెద్దమ్మ చదువుతుందని తెలిసి కూడా పోస్టు చేశాను.

తాళం తియ్యి. నీ చేతి కొలత తప్పలేదు. నీ మాట ఇంకా నిలబడే ఉంది. పెద్దమ్మకి విడిగా నేనే రాయనా?

పలకలు కోశాను. మొదటిది వంకర పోయింది, రెండోది కుదిరింది. పారేసిన ముక్క నా గదిలో తలుపు కదలకుండా ఆపుతోంది.

తూనీగ

*

మార్చి 18

తూనీగా,

పెద్దమ్మకి రాయనక్కర్లేదు, ఆమె చదివింది.

నాకు ముందే తెలుసు. నువ్వు కోపంగా రాసిన ఉత్తరం అందిన రోజే గోడ మీంచి నీ కొలతల కాగితం దించి, నీ ఫిర్యాదులన్నీ దాని పక్కన వేసుకుని చూశాను. నీ కొలతలకీ నేను కోసినవాటికీ మూడుచోట్లా తేడా సరిగ్గా పదే. చెయ్యి వణికినవాడి తప్పు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. అన్నిచోట్లా ఒకటే అయితే అది చెయ్యి కాదు, మాట. ఎవరో ఎవరికో చెప్పని మాట.

అయినా తప్పు నాదని రాశాను, ఇప్పుడూ అదే రాస్తున్నాను. ఈ పనిలో నేను నా దగ్గర చేరిన ప్రతి వాడికీ మొదటిరోజు చెప్పేది ఒకటే. కొలిచినవాడు ఏం చెప్పినా సరే, కోసేవాడిదే బాధ్యత. ఇనుము తెగాక ఎవరు చదివారని ఎవరూ అడగరు. కోసే ముందు నేను నిన్నడగాలి, పది తీశావా లేదా అని. ఒక కార్డు ముక్క చాలేది. అడగాలని తోచలేదు. ఇంత చదువుకుని నీ అంతట నువ్వు ఒక నిర్ణయం తీసుకుని ఉంటావని నాకు తట్టలేదు. నా లెక్కలో నువ్వింకా స్టూలు మీదే ఉన్నావు.

నువ్వు నన్ను ఉన్నదానికంటే ముసలివాణ్ణి చేశావు, నేను నిన్ను ఉన్నదానికంటే చిన్నదాన్ని చేశాను. సరికి సరి.

మొదటి పలక అందరిదీ వంకరే పోతుంది. రెండోది కుదిరిందంటే నయమే, నాకు నాలుగోది కుదిరింది.

పెదనాన్న

*

మార్చి 28

పెదనాన్నా,

నెగ్గింది.

ఇంజనీరుగారు తూకం యంత్రం తెప్పించి కొక్కెం కింద పెట్టించారు. యాభై ఒక్క కిలోలు. మొత్తం లెక్క వేసుకుని కళ్ళజోడు పైకి తోసి ఇంకోసారి వేసుకున్నారు. తర్వాత రేవు దాకా నడిపించారు. నిదానం అరవై మీద వెళ్ళినా బండి జీపుని అంటిపెట్టుకుని వచ్చింది, తోక ఊపలేదు. పన్నెండు నిమిషాలు. లైట్ల పలక ఊడదీశాను, కుందేలు చెవులు చూసుకుంటూ అతను వెనక్కి దించాడు, స్కూటరు పలకల మీంచి జారి నీళ్ళలోకి వెళ్ళింది. చప్పుడు కూడా లేదు. ఆఖర్న బండిని నన్నొక్కదాన్నే తిప్పమన్నారు. తిప్పాను. ఆయన సంతకం పెట్టారు.

ఇక రెండో సంగతి. నేను వచ్చేస్తున్నాను. రాజీనామా రాసిపెట్టుకున్నాను. నీకు గ్రైండరు వినబడకపోతే నాకు వినబడుతుంది. కోత పనంతా నేను చేస్తాను, నువ్వు పక్కన ఉండి చెప్పు. షెడ్డు తెరిచే ఉంటుంది. నా తొందర వల్ల మూతపడిన దాన్ని నేనే తెరవడం న్యాయం. ఇంత స్పష్టంగా నేనెప్పుడూ ఏ నిర్ణయమూ తీసుకోలేదు. వచ్చే నెల మొదటివారంలో వస్తాను.

తూనీగ

*

ఏప్రిల్ 2

తూనీగా,

రావద్దు.

బ్యాంకు వదిలినప్పుడు గాలి ఆడలేదన్నావు. బడి వదిలినప్పుడు గంట మోత పడలేదన్నావు. అవి నీ కారణాలు, ఒప్పుకున్నాను. ఇప్పుడు పర్మనెంటు అని కాగితం చేతికి రాగానే నీకు మళ్ళీ కాళ్ళు దురద పెట్టాయి. ఈసారి దానికి నా పేరు పెడుతున్నావు. పెట్టకు. వెళ్ళాలనుంటే వెళ్ళు, కానీ నా షెడ్డుని సాకు చేసుకుని వెళ్ళకు.

తాళం నీ వల్ల పడలేదు. నిజం చెబుతాను. నువ్వు నోటుబుక్కు సంగతి రాసిన ఉత్తరం చూసి మీ పెద్దమ్మే తాళం తీయమంది. నేనే తీయలేదు. ఎందుకంటే తాళం వేసిన రోజు సాయంత్రం షెడ్డు గుమ్మం పక్కనున్న ముక్కాలి పీట లోపలికి తీసుకొచ్చి పెట్టాను. అదక్కడ ఎందుకుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆమె దాన్ని చూసి, ఇక దీంతో పనిలేదులే అంది. అడిగితే చెప్పింది. చలికాలం నుంచి గ్రైండరు చప్పుడు మొదలవగానే పొయ్యి మీదేమున్నా దించేసి వచ్చి ఆ పీట మీద కూర్చునేదట. చప్పుడు ఆగేదాకా కూర్చుని, నేను రెండు చేతులతో కళ్ళద్దాలు తీయడం చూసి లోపలికి వెళ్ళేదట. నా వీపు ఎప్పుడూ గుమ్మం వైపే. నాకు వినబడదు. నీ బండి చేసిన పది రోజులూ ఆమె అక్కడే ఉంది, నాకు తెలియదు.

ఇది తెలిశాక ఆ యంత్రం ఎలా ఆన్ చెయ్యను?

రోజులు మాత్రం పొడుగ్గా ఉన్నాయి. ఉదయం అలవాటుగా షెడ్డు దాకా నడిచి, తాళం ముట్టుకుని వెనక్కి వస్తున్నాను. చేతులకి ఏం చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఇంట్లో తలుపుల బందులన్నిటికీ నూనె వేశాను. అడగని వాటికి కూడా.

నువ్వు అక్కడే ఉండు.

పెదనాన్న

*

ఏప్రిల్ 14

పెదనాన్నా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు నువ్వు రాసింది నిజమని తెలిసి ఇంకా కోపం వచ్చింది. రాజీనామా కాగితం బల్ల సొరుగులో అడుగున పడేశాను. చింపానని రాస్తే అబద్ధం.

పదకొండో తారీఖున రేవు నుంచి ఫోను వచ్చింది. పడవ బోల్తా కొట్టింది. జీపు వెనక బండి తగిలించి ఉంది, స్కూటరు కట్టి ఉంది. పదమూడు నిమిషాల్లో నీళ్ళలో ఉన్నాను. ఐదుగురు. నలుగురు పడవని పట్టుకుని ఉన్నారు. ఐదో మనిషి దూరంగా సైకిలు పట్టుకుని మునుగుతున్నాడు. సైకిలు వదలమంటే వదలడు. ఆఖరికి సైకిలుతో సహా లాక్కొచ్చాను. ఒడ్డుకి చేరాక మొట్టమొదట చైను చూసుకున్నాడు. అందరూ బతికారు. నీటి మీదుగా వెళ్ళి ఉంటే నేను నాచు దాటేసరికి ఆ మనిషీ మిగిలేవాడు కాదు, సైకిలూ మిగిలేది కాదు. ఇంత కంటే రాయడం నాకు చేతకాదు.

ఇప్పుడు ఒక చిక్కు. ఆ తొందరలో చక్రాలు కాలిపోతూ ఉండగానే బండిని చల్లటి నీళ్ళలోకి దించేశాం. అలా చేస్తే బేరింగులు లోపలికి నీళ్ళు పీల్చుకుంటాయని ఇంజనీరుగారు తర్వాత చెప్పారు. ఎడమ చక్రం తిప్పితే గరగరమంటోంది. విప్పి, తుడిచి, కొత్త గ్రీజు పెట్టాలి. ఎలాగో పుస్తకంలో చదివాను, కానీ ఎంత బిగించాలో పుస్తకంలో లేదు, చేతికి తెలియాలి అని మాత్రం ఉంది. నా చేతికి తెలియదు.

ఇంకోటి. ఇంజనీరుగారు ఈ బండి చేసిన పెద్దాయన ఎక్కడుంటారని అడిగారు. ఈసారి పెద్దాయన అన్న మాట వేరేగా వినబడింది. ఇక్కడ పెరట్లో పాత పడవల బళ్ళు నాలుగు తుప్పుపట్టి పడి ఉన్నాయి. బాగు చేయించాలని ఆయన కోరిక, తెలిసినవాళ్ళు లేరు. వెల్డింగు లేదు. కోత పడితే గ్రైండరు నా చేతిలో ఉంటుంది, నువ్వు నాలుగడుగుల అవతల నిలబడాలి. అది నా షరతు. ఇది నీ షెడ్డు నేను తెరవడం కాదు. నా పనిలోకి నిన్ను పిలవడం. తేడా నువ్వే నేర్పావు.

పెద్దమ్మని అడుగు. ఒప్పుకుంటేనే రా.

తూనీగ

*

ఏప్రిల్ 19

తూనీగా,

ఆమె ఉత్తరం రెండుసార్లు చదివింది. సైకిలు మనిషి దగ్గర నవ్వింది. నాలుగడుగుల దగ్గర ఆగి మళ్ళీ చదివింది. తర్వాత నా రెండు చేతులూ తన ఒళ్ళోకి లాక్కుని, నాకు పెదాలు కనబడేలా నెమ్మదిగా, "లెక్కపెట్టి పంపుతున్నాను, లెక్కపెట్టి తీసుకుంటాను" అంది. నిజంగానే లెక్కపెట్టింది కూడా.

గురువారం ఉదయం బస్సు ఎక్కుతాను. ఒక్కణ్ణే వస్తున్నాను. ఆమెకి కుట్టు పని ఉందట. అది కాదు కారణం, నేను లేని ఇంట్లో నాలుగు రోజులు నిశ్చింతగా నిద్రపోవాలని ఉన్నట్టుంది. అడగలేదు.

నేను వచ్చేదాకా ఆ చక్రం తిప్పకు. నా స్పానర్లు తెస్తున్నాను. అందుకోసం షెడ్డు తాళం తీశాను, తీసుకుని మళ్ళీ వేశాను.

ఎక్కడ దిగాలో రాయి. బస్సులో ఊళ్ళ పేర్లు పిలుస్తారు, నాకు వినబడవు.

పెదనాన్న

*

ఏప్రిల్ 22

పెదనాన్నా,

ఈ కార్డు నీకు బుధవారానికి అందాలి. అందకపోయినా ఫరవాలేదు, ఏర్పాటు చేశాను.

మన వైపు వచ్చే బస్సు డ్రైవరు నిదానానికి తమ్ముడు. ఇతను మాత్రం బ్రేకు వేస్తాడు. ఖాకీ సంచీ, చెవి మీద పెన్సిలు ఉన్న పెద్దమనిషి ఎక్కుతాడని చెప్పాను. పిలిస్తే పలకడని కూడా చెప్పాను. జలాశయం మలుపు దగ్గర బస్సు ఆపి, తనే లేచి వచ్చి భుజం తడతానన్నాడు. కిటికీ పక్కన కూర్చోకు. అతని చెయ్యి అందేలా ఇవతలి సీట్లో కూర్చో.

తూనీగ